ఏమో అనని మౌల్వీ

చిన్న కథే. నోట్లో వేసుకున్న వక్క నలిగేలోపు అయిపోతుంది. క్రితంసారి మా కరణం గారి భార్య ఈ మాటే నమ్మి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. పాలు పొంగాయి. కరణం గారు పొంగలేదు. ఆవిడ ముందు ఆయనెప్పుడూ పొంగడు. సరే, అది వేరే కథ.

కొండపాలెం నవాబు గారికి ఒకరోజు విసుగొచ్చింది. "ఇకమీదట నా కొలువులో ఎవరూ 'ఏమో' అనకూడదు. ఏదైనా ఖాయంగా చెప్పాలి" అన్నారు.

ఆ పూటే జ్యోతిష్కుడికి జ్వరమొచ్చింది. అది జ్వరమేనని ఖాయంగా చెప్పలేక వైద్యుడూ ఇంట్లోనే ఉండిపోయాడు.

మౌల్వీ బుర్హానుద్దీన్ గారికి మాత్రం పండగ. బీదరు నుంచి వచ్చిన పండితుడు. పుట్టాక ఆయన 'ఏమో' అనగా విన్నవాళ్లు లేరు. చదువు ధ్యాసలో పడి ఏడేళ్లుగా సొంతూరికి కబురైనా పంపలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

అప్పుడే నన్నేసాహెబు ఫిర్యాదు తెచ్చాడు. "హుజూర్, గుర్రాల బేరానికి వెళ్లిన మా అన్న మీరాసాహెబు అయిదేళ్లయినా రాలేదు. ఆయన మామిడితోటలో నా వాటా ఇప్పించండి."

మీరాసాహెబు భార్య ఖాసింబీ తెర వెనక నుంచి అంది. "ఆ తోట మీదే బతుకుతున్నాను హుజూర్. మా ఆయన పోయాడని ఎవరు చూశారు?"

మౌల్వీ గడ్డం సవరించుకున్నాడు. "వాటాలు ఖురానులోనే ఉన్నాయి. పిల్లలు లేరు కనక భార్యకు నాలుగో వంతు. మిగతాది తమ్ముడికి. సందేహం లేదు."

నవాబు గారికి తమలపాకులు చుట్టిచ్చే కాలేషా చెయ్యి ఆపాడు. "వాటాల్లో సందేహం లేదు మౌల్వీ గారూ, అది దేవుడి మాట. మనిషి పోయాడన్నది ఎవరి మాట?"

"నా మాట! అయిదేళ్లు కబురు లేనివాడు పోయినట్టే. గ్రంథాలన్నీ చదివి నేను తేల్చిన అర్థం. ఇదీ అంత ఖాయమే."

"ఎవరికైనా ఇదే లెక్కా?"

"నవాబుకైనా, నౌకరుకైనా!"

కాలేషా కండువా నోటికడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. "హుజూర్! అయితే మౌల్వీ గారు పోయి రెండేళ్లయింది! ఆయన గుర్రాన్నీ శాలువల్నీ మూటగట్టి బీదరులో తమ్ముళ్లకు పంపిద్దాం."

నవాబు గారు కనుసైగ చేశారు. భటులు మౌల్వీ భుజం మీది శాలువా లాగి మడతపెట్టసాగారు.

"వదలండ్రా! నేను బతికే ఉన్నాను! కనబడటంలేదా, ఇక్కడే నిలబడ్డాను!"

కాలేషా కళ్లు తుడుచుకున్నాడు.

"మీరాసాహెబు కూడా ఎక్కడో నిలబడి ఇదే మాట అంటున్నాడేమో!"

కొలువంతా ఘొల్లుమంది. నవాబు గారు కడుపు పట్టుకుని అడిగారు. "చెప్పండి మౌల్వీ గారూ, మీరాసాహెబు ఉన్నాడా, పోయాడా?"

మౌల్వీ శాలువా వైపు చూశాడు.

"...ఏమో."

తోట ఖాసింబీకే నిలిచింది. కాలేషాకు నవాబు గారి చేతి మీదుగా పట్టు శాలువా దక్కింది. జ్యోతిష్కుడికి జ్వరం తగ్గింది.

నవాబు గారు తమాషాకి బీదరుకు మనిషిని పంపారు. మౌల్వీ గారి ఇంటిని తమ్ముళ్లు నిరుడే పంచేసుకున్నారు. తీర్పు చెప్పింది ఆయన శిష్యుడేనట. గురువు గారు నేర్పిన అర్థమే చెప్పాడట.