సుంకులు శ్రుతి

రాళ్ళ గనిలో ఒకే పేలుడుకు అక్కడ కూలికి పోయే సుంకులు చెవులూ పోయాయి, గని కాపలాదారు పెంచుకునే మైనా చెవులూ పోయాయి.

నెలన్నర తిరిగేసరికి మైనా పిలిస్తే పలికింది. సుంకులుకి హోరే మిగిలింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది.

"పిట్టల చెవిలో నూగులాంటి కణాలు రాలిపోయినా మళ్ళీ మొలుస్తాయి. మనుషులకు మొలవవు," అని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు.

తత్వాలు పాడే దస్తగిరి తాతకు ఆమె శిష్యురాలు. ఏ తత్వమైనా ముందు ఎత్తుకునేది ఆమే. పోయిన గురువారం భజనలో అందరూ పాట ముగించి చిడతలు కింద పెట్టినా, సుంకులు ఒక్కతే కళ్ళు మూసుకొని ఇంకా పాడుతూనే ఉంది. ఎవరో నవ్వారు. పెద్ద శిష్యుడు రంగప్ప ఆమె భుజం తట్టి, "ఇంక నువ్వు వెనక కూచోని తాళమెయ్యి పాపా," అన్నాడు.

ఈ గురువారం ఆమె వస్తూనే డాక్టరు కాగితం తీసి తాత ముందు పడేసింది.

"పిట్టకిచ్చింది నాకెందుకియ్యలేదు తాతా నీ దేవుడు? కర్మ అనొద్దు."

"నేనేమన్లేదే," అన్నాడు తాత, ఆమెకు పెదాలు కనబడేట్టు ముఖమెత్తి.

"ఓర్చుకోమనీ అనొద్దు. నేను వెనక కూచోను. పాడితే ముందే పాడతా. లేదంటే ఈ గడప తొక్కను."

"పాడు మరి. ఎవరొద్దన్నారు?"

"నీ రంగప్పే."

"వానికి చెవులెక్కువలే."

తాత తంబుర ఒళ్ళోకి తీసుకుని మీటాడు. సుంకులు ఎత్తుకుంది. గొంతు శ్రుతికి దిగువన పడింది.

రంగప్ప తాత చెవి దగ్గరికి వంగాడు. "తప్పుతాంది తాతా. ఆపమను."

తాత ఆపమనలేదు. బిరడా తిప్పి తీగను కాస్త వదులు చేశాడు. గొంతు ఇంకాస్త జారింది. ఇంకాస్త వదులు చేశాడు. పైకి పోతే బిగించాడు.

"ఇదేం పద్ధతి తాతా? శ్రుతి వెంట గదా గొంతు పోవాల్సింది."

"ఆ పిల్లకు వినపడదు. మనకు వినపడతాది గదా రంగప్పా. మనమే పోదాం."

ఆ మాటలు సుంకులు చూడలేదు. బిరడా మీద తిరుగుతున్న తాత చెయ్యి చూసింది. పాట మొదలయ్యాక ఆయన ఆ బిరడాను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, తానూ ముట్టేవాడు కాదు.

రెండో చరణం ఆమె ఆ చెయ్యి చూస్తూనే ఒక మెట్టు పైకి ఎత్తుకుంది.