అందలేదని చెప్పిన ఫోను

అనగనగా ఒక రాజ్యం. కాకులు దూరని కారడవులు, చీమలు దూరని చిట్టడవులు ఉన్నంత పాతకాలం కాదు. రాజులూ రాణులూ ఇంకా సింహాసనాల మీద ఉన్నారు, జనం చేతుల్లోకి ఫోన్లూ వచ్చేశాయి. అలాంటి రోజులనుకోండి.

ఆ రాజ్యం పేరు కడలికొండ. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. దాన్ని హేమాంబ అనే రాణి ఏలుతుండేది. ఆవిడ తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మనిషి.

ఆ రాజ్యపు రేవులో వకుళ అనే అమ్మాయి, ఆమె అన్న సోమన్న కలిసి ఫోన్లు తయారుచేసేవారు. వాళ్లది చిన్న పనిశాల. పదంటే పదిమంది పనివాళ్లు. ఫోను ఎలా ఉండాలో వకుళ ఆలోచించి గీసేది. గీసింది గీసినట్టు సోమన్న చేసిపెట్టేవాడు.

వకుళది ఒకటే పట్టుదల. ఫోను తన యజమానికి అబద్ధం చెప్పకూడదు. "మనిషి మనిషికి అబద్ధం చెబితే మొహం చూసి కనిపెట్టచ్చు. ఫోనుకి మొహం ఏదీ?" అనేది.

ఇలా ఉండగా, ఒకనాడు రాణిగారు ఊరూరా చాటింపు వేయించింది.

"మన జాలర్ల చేతుల్లో ఉన్న ఫోన్లు ఉప్పుగాలికి తుప్పుపట్టి పాడైపోతున్నాయి. కొత్త తరం ఫోను కావాలి. చేయగలిగినవాళ్లు చేసి తీసుకురండి. మూడు పరీక్షలు పెడతాం. నెగ్గిన ఫోనే మన రాజ్యంలో ప్రతి పడవకీ ఇస్తాం."

వకుళకి ప్రాణం లేచొచ్చింది. ఏడాదిగా పనిశాల అంతంతమాత్రంగా నడుస్తోంది. ఈ పని దక్కకపోతే తలుపులు మూసుకోవలసిందే. అన్నాచెల్లెళ్లు ఎండనక వాననక కష్టపడి ఒక ఫోను చేశారు. చూడ్డానికి అందగత్తె కాదు గాని గట్టిది. వెనకవైపు తాటిబెరడులా గరుగ్గా ఉంటుంది కాబట్టి తడిచేతిలోంచి జారిపోదు. వేళ్లకి చేపపొలుసు అంటుకున్నా అద్దం మీద రాస్తే పలుకుతుంది. ఉప్పునీళ్లలో పడ్డా తీసి తుడుచుకుంటే చాలు.

పరీక్షల రోజు వచ్చింది. వకుళతో పాటు మరో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ పేరుమోసిన వర్తకులే.

రత్నగుప్తుడి ఫోను తమలపాకంత పల్చగా ఉంది. అంచు చుట్టూ బంగారు పూత. మణిదత్తుడి ఫోను విసనకర్రలా విప్పితే విప్పుకుంటుంది, మడిస్తే మడుచుకుంటుంది. దాని వెనక నెమలీకలో ఉన్నట్టు వరసగా కెమెరా కళ్లు. సభలో ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకుని చూశారు. వకుళ ఫోను చూసి మాత్రం ఎవరో వెనక నుంచి "ఇదేమిటి, ఇటుకముక్కా?" అన్నారు. నలుగురూ నవ్వారు. సోమన్న మొహం ఎర్రబడింది.

మొదటి పరీక్ష ఫోటో తీయడం.

"నన్నే తీయండి," అంది రాణి.

రత్నగుప్తుడు తీసిన ఫోటోలో రాణి వయసు సగానికి సగం తగ్గిపోయింది. మణిదత్తుడు తీసిన ఫోటోలో ఆమె మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. వకుళ తీసిన ఫోటోలో మాత్రం రాణి రాణిలాగే ఉంది. కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు, కళ్ల కింద నిద్రలేని చారలు, నుదుటి మీద చిన్నప్పటి గాయం మచ్చ, అన్నీ ఉన్నాయి.

మంత్రి ఇబ్బందిగా దగ్గాడు. "అమ్మాయీ, నీ ఫోనుకి కాస్త మర్యాద నేర్పవలసింది," అన్నాడు.

"చూపుకి మర్యాద కంటే నిజం ముఖ్యం కదండీ," అంది వకుళ మెల్లిగా.

మొదటి పరీక్షలో ఆమె ఓడిపోయింది.

ఇంటిదారిలో సోమన్న ఊరుకోలేకపోయాడు. "నాలుగు వెంట్రుకలు నల్లగా చూపిస్తే నీ సొమ్మేం పోయింది చెల్లీ? మీ వదిన కూడా నీ ఫోనుతో ఫోటో తీయించుకోనంటుంది, తెలుసా?"

వకుళకి నవ్వొచ్చింది. "వదిన మొహానికేమన్నయ్యా, చక్కగా ఉంటుంది. ఫోను కొత్తగా చేసిపెట్టవలసిందేమీ లేదు."

రెండో పరీక్ష నడక. ముగ్గురు వార్తాహరులకి మూడు ఫోన్లు ఇచ్చి కొండమీది కోటకి పంపారు. కోట చేరగానే అక్కడి నుంచి కబురు చెప్పాలి. వెలుతురుకి, దారికి, అన్నిటికీ ఆ ఫోనే దిక్కు.

రత్నగుప్తుడి ఫోనూ మణిదత్తుడి ఫోనూ దారి పొడుగునా ఛార్జింగు నిండుగానే చూపించాయి. ఆ వార్తాహరులు ధీమాగా నడిచి పొద్దు వాలకముందే కోట చేరి కబురు చెప్పారు. వకుళ ఫోను పట్టుకెళ్లింది చెన్నమ్మ అనే ఆవిడ. ఎక్కుతున్నకొద్దీ ఫోనులో ఛార్జింగు తరిగిపోవడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. సగం దారిలో ఒక గొర్రెలకాపరి ఇంటి దగ్గర ఆగి, ఫోను ఛార్జింగుకి పెట్టి, వాళ్లిచ్చిన గంజి తాగి మళ్లీ నడిచింది. అందుకని చివర చేరింది.

మర్నాడు ముగ్గురూ కొండ దిగివచ్చాక, సభలో "ఆలస్యం," అన్నాడు మంత్రి. సభ తల ఊపింది. రెండో పరీక్షలోనూ వకుళ ఓడిపోయింది.

ఆ మర్నాడు చెన్నమ్మ పనిశాలకి వచ్చింది. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "నీకొక మాట చెప్పి పోదామని వచ్చానమ్మా," అంది. "మొన్న రాత్రి దిగేటప్పుడు మిగతా ఇద్దరి ఫోన్లూ ఉన్నట్టుండి ఆరిపోయాయి. నిండుగా ఉందని చూపిస్తూనే ఆరిపోయాయి. లోయ పక్కన చీకట్లో పాపం ఇద్దరూ నా భుజం పట్టుకుని దిగారు. నా చేతిలో వెలుతురుంది గనక సరిపోయింది."

"మరి సభలో చెప్పలేదేం?" అన్నాడు సోమన్న.

"ఎక్కడం గురించే అడిగారు బాబూ. దిగడం గురించి ఎవరూ అడగలేదు. నేను నోరు తెరవబోతే మంత్రిగారు చాల్లెమ్మన్నారు."

చెన్నమ్మ వెళ్లిపోయాక వకుళ మనసు తేలికపడింది. ఓడిపోయినా ముగ్గురు క్షేమంగా ఇల్లు చేరారు. ఆ ఊహ ఆమెకి హాయిగా ఉంది. సోమన్నకి మాత్రం ఆ హాయి లేదు. అన్నం దగ్గర కూర్చుని కూడా ముద్ద ఎత్తలేదు.

"మిగిలింది ఒక్క పరీక్ష," అన్నాడు. "సముద్రం మీది పడవలకి కబురు పంపడం. వాళ్లిద్దరి ఫోన్లలో ఏం చేశారో కనుక్కున్నాను. కబురు పంపామో లేదో, వెంటనే 'అందింది' అని పడిపోతుంది. అవతల అందిందా లేదా అని చూడదు. మనది చూస్తూ కూర్చుంటుంది. అవతలివాడికి చేరి, అక్కడి నుంచి జవాబు వస్తేగాని 'అందింది' అనదు. మనమూ అలాగే పెట్టేద్దాం. ఎలాగూ కాసేపటికి అందుతుందిగా. పనివాళ్ల పిల్లల మొహాలు చూడు చెల్లీ."

ఆ చివరి మాట వకుళకి ముల్లులా గుచ్చుకుంది. బయట పనివాళ్లు క్యారేజీలు విప్పుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్లని చూసింది. ఫోను చేతిలోకి తీసుకుంది. అన్న చెప్పిన మార్పు చిటికెలో పని. చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఫోను కింద పెట్టేసింది.

"అందనిదాన్ని అందిందంటే పంపినవాడు నిశ్చింతగా ఊరుకుంటాడు," అంది. "అప్పుడే కదన్నయ్యా వాడు ఊరుకోకూడదు."

సోమన్న పళ్లెం దగ్గరికి లాక్కుని, "సరే, పడవలో నేనే వెళతాను. మన ఫోను మన చేతిలోనే ఉండాలి," అన్నాడు.

మూడో పరీక్ష రోజు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మూడు పడవలు సముద్రంలోకి వెళ్లాయి. ఒక్కో పడవలో ఒక్కో ఫోను. వాటి జంట ఫోన్లు దీపస్తంభం దగ్గర రాణి ముందు బల్ల మీద పెట్టారు. పడవలు బాగా దూరం వెళ్లాక రాణి కబురు పంపుతుంది. అది చూసుకుని వెనక్కి తిరగాలి. అదీ పరీక్ష.

పడవలు చుక్కలంత అయ్యాయి. వస్తున్నాయో పోతున్నాయో ఒడ్డు నుంచి తెలియదు. అంతలో దక్షిణపు రేవు నుంచి మంత్రికి వార్త వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది.

"మహారాణీ, తుఫాను గాలి బయల్దేరిందట. అక్కడ ఇళ్ల కప్పులు లేచిపోయాయట. మధ్యాహ్నానికి మన దగ్గరికి వచ్చేస్తుందట."

తల ఎత్తి చూస్తే నీలాకాశం. ఎక్కడా మబ్బుతునక లేదు. పడవల్లో ఉన్నవాళ్లకి ఏం తెలుస్తుంది?

"పరీక్ష సంగతి తర్వాత," అంది రాణి. "తుఫాను వస్తోంది, వెంటనే తిరిగి రండి అని ముగ్గురికీ పంపండి."

రత్నగుప్తుడి ఫోను ఠక్కున వెలిగింది. 'అందింది.' మణిదత్తుడి ఫోను వీణ మీటినట్టు మోగింది. 'అందింది.' వకుళ ఫోను మీద మాత్రం అక్షరాలు ఎర్రగా నిలబడ్డాయి. 'ఇంకా అందలేదు.'

మళ్లీ పంపారు. ఇంకా అందలేదు. మరోసారి పంపారు. ఇంకా అందలేదు.

"చూశారుగా మహారాణీ," అన్నాడు రత్నగుప్తుడు. "ఆ ఫోనుకి అంత దూరం పలికే శక్తి లేదు. మా పడవలు ఈపాటికి తిరిగే ఉంటాయి. వాళ్లని చూసి ఆ మూడో పడవా తిరుగుతుంది. దిగులు పడకండి."

మంత్రికీ అది సబబుగానే తోచింది. కానీ ఆ మూడో పడవలో ఉన్నది వకుళ తోడబుట్టినవాడు. ఆమె రాణి ముందుకి వచ్చి చేతులు జోడించింది.

"అమ్మా, నా ఫోను శక్తి చాలదు. ఆ మాట నిజం. ఒప్పుకుంటాను. కానీ అది అందలేదంటే అందలేదనే. మిగతా రెండిటి సంగతి నేను చెప్పలేను. మా అన్నకి మాత్రం కబురు తెలియదు. ఇంకో దారి చూడండమ్మా. నన్ను ఓడించెయ్యండి, ఫరవాలేదు."

రాణి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత దీపస్తంభం కాపలాదారు సింహాద్రిని పిలిచింది. "ఫోన్లు లేని రోజుల్లో ఏం చేసేవాళ్లు?"

"పొగ పెట్టేవాళ్లమమ్మా," అన్నాడు సింహాద్రి. "పచ్చి తాటాకులేసి మంట పెడితే పొగ మేడంత ఎత్తు లేస్తుంది. రేవు నుంచి పొగ లేస్తే వల కోసేసైనా సరే ఇంటికి రావాలి. అది మా తాతలనాటి కట్టుబాటు."

"పెట్టండి."

వకుళ కొంగు బిగించి తానే తాటాకులు ఈడ్చుకొచ్చింది. రేవులో ఆడవాళ్లూ మగవాళ్లూ తలో చెయ్యీ వేశారు. కాసేపట్లో నల్లటి పొగ నిటారుగా ఆకాశంలోకి లేచింది. అందరూ కళ్లకి చేతులు అడ్డం పెట్టుకుని సముద్రం కేసి చూస్తూ నిలబడ్డారు.

ముందు ఒక తెరచాప దగ్గరవుతూ కనిపించింది. తర్వాత రెండోది. ఎంతకీ మూడోది కనిపించలేదు. చివరికి అదీ కనిపించింది.

పడవలు ఒడ్డుకి లాగుతుండగానే దక్షిణాన ఆకాశం నల్లబడింది. ఆఖరి పడవని కట్టుకొయ్యకి కట్టేసరికి గాలి ఈలలు వేయడం మొదలుపెట్టింది. సోమన్న ఇసకలోకి దూకి చెల్లెలి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వకుళ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అందరూ దీపస్తంభం లోపలికి చేరాక, బయట గాలి హోరుమంటుండగా, రాణి మొదటి పడవ నడిపిన సరంగుని అడిగింది. "కబురు చూసుకున్నావా?"

"ఏ కబురమ్మా?" అన్నాడు అతను. "మాకేమీ రాలేదు. పొగ చూసి వచ్చాం."

రెండో పడవ సరంగూ అదే మాట అన్నాడు.

రత్నగుప్తుడు తల వంచుకున్నాడు. మణిదత్తుడు తన ఫోను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మహారాణీ, కొనేవాళ్లకి అదే ఇష్టం," అన్నాడు రత్నగుప్తుడు చివరికి. "అందలేదని చెప్పే ఫోను ఎవరు కొంటారు?"

"నేను కొంటాను," అంది రాణి. "ఇవాళ మూడు పడవల మనుషులు నా ముందు నిలబడి ఉన్నారంటే ఆ ఒక్క ఫోను 'అందలేదు' అనబట్టి. అదీ 'అందింది' అనేసి ఉంటే పొగ పెట్టాలన్న ఆలోచన నాకు వచ్చేదా? మీరంతా కలిసి నన్ను నిశ్చింతగా కూర్చోబెట్టేవారు."

మంత్రి తానే లేచి, "అమ్మాయీ, ఆనాడు మర్యాద నేర్పమన్నాను. నన్ను మన్నించు," అన్నాడు.

గాలి తగ్గాక రాణి తీర్పు చెప్పింది. పడవలన్నిటికీ వకుళ ఫోనే. "నీకేమైనా కావాలా?" అని అడిగింది.

"కొంచెం గడువు కావాలమ్మా," అంది వకుళ. "ఇంకా దూరం పలికేలా దీన్ని బాగుచేయాలి. ఇలాగే పంపిణీ చేయడం నాకు ఇష్టం లేదు."

రాణి మొదటిసారి నవ్వింది. గడువు ఇచ్చింది.

నాలుగు రోజులు పోయాక మణిదత్తుడు స్వయంగా పనిశాలకి వచ్చాడు. దూరం పలికించే విద్య ఇద్దరం కలిసి సాధిద్దామని, నిజం పలికించే విద్య తనకి నేర్పమని అడిగాడు. వకుళ చాప వేసి కూర్చోబెట్టింది. సోమన్న మజ్జిగ తెచ్చాడు. ఆ వర్షాకాలం వెళ్లేసరికి ఇద్దరూ కలిసి చేసిన ఫోన్లు ప్రతి పడవకీ అందాయి. పనిశాల పెద్దదయింది. పనివాళ్లు పదిమంది కాస్తా వీధివాళ్లంతా అయ్యారు. వకుళా సోమన్నా చల్లగా ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, చేతగానప్పుడు చేతగాదని ఒప్పుకునేవాళ్లు 'చేశాం' అన్నప్పుడే ఆ మాట నమ్మాలి.