ద్వాదశినాటి కొలత

తిన్నె చుట్టూ అందరికీ చోటు కుదిరింది, తనకు తప్ప. భవనాథునికి వచ్చిన చిక్కు అది.

పెన్న ఒడ్డున విశ్వబోధయతి మఠంలో ఏకాదశులు తప్ప నిత్యం అన్నదానం జరిగేది. చదువుకొనే అంతేవాసులు, దారిన పోయే బాటసారులు, ఆకలిగొని వచ్చినవారు ఎవరైనా ఆ పంక్తిలో కూర్చోవచ్చు. వంట ఓబులమ్మది. ఆమె ఆ పొయ్యిల ముందుకు ఎన్నడు వచ్చిందో మఠంలో ఎవరికీ జ్ఞాపకం లేదు. పెద్దలూ పిన్నలూ అందరూ అవ్వా అనే పిలిచేవారు.

ఆ ఏడు వానలు పడకముందే యతీశ్వరులు అంతేవాసి భవనాథుణ్ణి పిలిపించారు. వంటశాల మధ్య నడుమెత్తు రాతితిన్నె ఒకటి కట్టించాలని, దాని చుట్టూ కూర్చునే వీలుండాలని, ఆ పని అతనే చూడాలని చెప్పారు.

భవనాథుడు చిత్తం అన్నాడు. ఎవరు కూర్చోవడానికి అని అడగలేదు. అడగవలసిన మాట ఒకటి మిగిలి ఉన్నదని అతనికి తోచనే లేదు. వాస్తుశాస్త్రం ఆ మఠంలో అతనికి వచ్చినంతగా మరొకరికి రాదు. గురువుగారు తననే పిలిచారంటే అందుకే గదా అని లోలోపల పొంగిపోయాడు.

ఆ రాత్రి పడుకొని కన్నులు మూసుకుంటే తిన్నె కట్టినట్టే కనిపించింది. నున్నని నల్లబండ. దాని చుట్టూ మోకాలెత్తు రాతిదిమ్మెలు. గోడవైపు, తూర్పుముఖంగా గురువుగారి దిమ్మె. మిగిలిన దిమ్మెల మీద చదువులో ఎవరి మెట్టు ఎంతో ఆ వరుసలో అంతేవాసులు. చేతులు కూరగాయలు తరుగుతూ ఉంటాయి, నోళ్లు శాస్త్రం చర్చిస్తూ ఉంటాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. బండ అంచున చెక్కించడానికి ఒక శ్లోకం కూడా కుదిరింది. నాలుగో పాదంలో తన పేరు చమత్కారంగా ఇమిడింది.

కొలతకు మంచి దినం చూశాడు. ఏకాదశి. ఆ రోజు మఠంలో పొయ్యి వెలిగించరు. గుండిగలు బోర్లించి ఉంటాయి. కడిగిన నేల ఆరి చల్లగా ఉంటుంది. అడ్డు వచ్చేవారు ఎవరూ ఉండరు. భవనాథుడు కొలబద్ద పట్టుకొని ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా తిరిగాడు. అంత ప్రశాంతంగా కొలత వేసే భాగ్యం ఎవరికి దొరుకుతుందనుకున్నాడు.

చిక్కు అప్పుడే వచ్చింది. గురువుగారి దిమ్మెకు కుడిపక్కన తన దిమ్మె ఉండాలని అతని కోరిక. సరిగ్గా ఆ చోటనే వంటశాల స్తంభం నిలబడి ఉన్నది. ఎంతసేపు ఆలోచించినా స్తంభం కదలదు గదా. చివరకు తిన్నెనూ దిమ్మెలనూ కలిపి గోడవైపు మూరెడు జరిపాడు. స్తంభం తప్పింది. తన దిమ్మె గురువుగారి పక్కన కూర్చున్నది.

రాతిపనివాడు కాశెప్ప బండలు కోసేముందు నేల మీద ముగ్గుతో గీసి చూపమని, గీశాక ఒక పూట వంట జరగనిచ్చి ఆ పైన తనను పిలవమని యతీశ్వరులు ముందే చెప్పి ఉన్నారు. ఒక పూట వంట ఎందుకో భవనాథునికి అర్థం కాలేదు. శుభసూచకంగా కాబోలుననుకొని, సాయంత్రం దీపం పెట్టే వేళకు ముగ్గుపిండితో గీతలు తీర్చాడు. తిన్నె దీర్ఘచతురస్రం. దిమ్మెలు చిన్న చతురస్రాలు. గురువుగారి చతురస్రం నడుమ చిన్న పద్మం కూడా వేశాడు.

సహాధ్యాయి నరహరి గుమ్మంలో నిలబడి అంతా పారజూశాడు. పద్మం పక్కన గీత ఎవరిదో అడగనక్కరలేకుండానే తెలుసుకున్నాడు.

"స్తంభం జరిగిందా భవనాథా, స్వామివారు జరిగారా?"

భవనాథుడు విననట్టు పిండి చేతులు దులుపుకున్నాడు.

మరునాడు ద్వాదశి. ఉపవాసం ఉన్నవారంతా తిథి దాటకముందే పారణ చేయాలి. ద్వాదశి ఉదయం మఠపు వంటశాలలో ఊపిరి పీల్చుకొనే తీరిక ఉండదు. తెల్లవారకముందే పొయ్యిలన్నీ మండుతున్నాయి. ఒక పక్క పప్పు, ఒక పక్క అవిసాకు, పెద్దపొయ్యి మీద అన్నపు గుండిగ. ఓబులమ్మ ఒక్కతే వాటి నడుమ తిరుగుతున్నది. మోకాళ్లు వంగవు. క్రింద కూర్చుంటే మళ్లీ లేవడం కుదరదని, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిలబడే చేస్తుంది. ఈ సంగతి మఠంలో అందరికీ తెలుసు. భవనాథునికీ తెలుసు.

అతడు గుమ్మం దగ్గర నిలబడి గీతలకు కాపలా కాస్తున్నాడు. పారణ అయ్యాక గురువుగారు చూడడానికి వస్తారు. అంతదాకా ముగ్గు చెదరకూడదు.

అన్నం ఉడికింది. ఓబులమ్మ మసిగుడ్డలు రెండు చేతులా చుట్టుకొని గుండిగను దించింది. గంజి వార్చడానికి జలదారి దగ్గరకు పోవాలి. పొయ్యిలు పద్మం గీసిన వైపు గోడకు ఒక కొసన, జలదారి మరొక కొసన. ఎన్నో ఏండ్లుగా ఆమె అడుగులు ఎరిగిన దారి అది. గుండిగ ఎత్తుకొని తిన్నగా నడిచింది. కాలు పద్మం మీద పడబోయింది.

"అవ్వా, అది స్వామివారు కూర్చునే చోటు. తొక్కుతావా?"

గొంతు అతడు అనుకున్నదానికంటె గట్టిగానే వచ్చింది.

ఓబులమ్మ ఉలిక్కిపడి, వేసిన అడుగు వెనక్కు తీసుకున్నది. "అపచారం, అపచారం" అని గొణిగింది. చెంపలు వేసుకుందామంటే చేతులు ఖాళీగా లేవు. గీతకూ గోడకూ నడుమ మిగిలిన సందులోకి ఒదిగి, ఒక భుజం గోడకు రాచుకుంటూ, ఒక్కొక్క పాదం పక్కకు వేస్తూ సాగింది. ఆవిరికి కళ్లు కనబడడం లేదు. సందు నడుమకు వచ్చేసరికి మోకాలు పట్టు తప్పింది.

గుండిగ ఒరిగింది. మరుగుతున్న గంజి ఆమె పాదం మీద ఒలికింది.

ఆమె కేక వేయలేదు. పళ్లు బిగించి, గుండిగను గుండెకు అదుముకొని, జలదారి దాకా వెళ్లి అక్కడే దించింది. ఒక్క మెతుకు నేల మీద పడలేదు. ఆ పైన గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నది.

జనం పరుగున వచ్చారు. ఎవరో చల్లని నీళ్లు పోశారు. ఎవరో కలబంద కోసం పెరట్లోకి వెళ్లారు. అలికిడికి యతీశ్వరులు కూడా గుమ్మం దాకా వచ్చి ఏమైందని అడిగారు.

భవనాథుడు నోరు తెరిచాడు. అతనికంటె ముందే ఓబులమ్మ పలికింది.

"ఏం ల్యా సామీ. ముసలికాళ్లు. నేనే తడబడినా."

ఆ మాట పూర్తయ్యాక కూడా భవనాథుడు చెప్పవచ్చు. అవ్వ తడబడలేదు, నేనే దారి మళ్లించాను అనడానికి ఎంతసేపు పడుతుంది? అతని పెదవులు కదిలాయి. అందరూ చూస్తున్నారు. నరహరి చూస్తున్నాడు. పెదవులు మళ్లీ మూసుకున్నాయి.

గురువుగారు ఆమె పాదం చూశారు. ఆ పైన నేల చూశారు. ఇంతమందికి వంట జరిగిన నేల మీద ముగ్గు ఎక్కడా చెదరలేదు. పద్మం రేకులు కూడా రేకులుగానే ఉన్నాయి.  తిథి దాటిపోతుంది, వడ్డన కానివ్వండని చెప్పి వెళ్లిపోయారు.

పంక్తిలో భవనాథుని విస్తరిలో అన్నం పొగలు కక్కుతున్నది. ఆ అన్నమే. పారణ మానడం దోషం గనుక ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.  చుట్టూ అందరూ ఎప్పటిలాగే తింటున్నారు. పప్పులో ఉప్పు తగ్గిందని ఎవరో అన్నారు. అవ్వ వేయకపోతే అంతే మరి అని ఇంకెవరో అన్నారు.

భోజనాలు ముగిశాక కాశెప్ప వచ్చాడు. యతీశ్వరులు వంటశాల గడప దాటి లోపలికి అడుగు పెట్టారు. అగ్నిని విడిచిన సన్యాసి గనుక ఆయన ఏనాడూ ఆ గడప దాటి ఎరుగరు. పద్మం వేసినప్పుడు భవనాథునికి ఆ సంగతి గుర్తే రాలేదు. కాశెప్ప తలపాగా తీసి పక్కకు తప్పుకున్నాడు. భవనాథుడు చేతులు జోడించి నిలబడ్డాడు. గీతలు వివరించమంటారేమోనని చూపు నేలకు దించుకున్నాడు. నిన్నటిదాకా ఆ వివరణను ఎన్నిసార్లు మనసులో వల్లె వేసుకున్నాడో.

గురువుగారు వివరణ అడగలేదు. తోమడానికి పెట్టిన అన్నపు గుండిగను రెండు చేతులతో ఎత్తుకున్నారు. అది ఖాళీగా ఉన్నది. అయినా నిండుగా మరుగుతున్నదాన్ని పట్టుకున్నట్టు ఒంటికి ఎడంగా పట్టుకున్నారు, మోచేతులు రెండువైపులా చాచి. పొయ్యి ముందునుంచి బయలుదేరి జలదారివైపు తిన్నగా నడిచారు.

వట్టిపాదాలు. మొదటి అడుగు భవనాథుని దిమ్మె మీద పడింది. రెండవది పద్మం మీద. మూడవది తిన్నె అంచు మీద. జలదారి దగ్గర గుండిగ వంచి, లేని గంజిని నిదానంగా వార్చారు. మళ్లీ అదే దారిన తిరిగి వచ్చారు. రేకులు కలిసిపోయాయి. గీతలు కలిసిపోయాయి. నేల మీద తెల్లని అడుగుల బాట ఒకటి పొయ్యినుంచి జలదారికి ఏర్పడింది. మోచేతులు చాచిన మనిషి పట్టేంత బాట.

గుండిగను ఉన్నచోటనే పెట్టారు.

"స్వామీ, పొద్దున..." అన్నాడు భవనాథుడు. 

"ఇప్పుడు కొలుచుకో" అన్నారు గురువుగారు. అంతే. పిండి అంటిన పాదాలతోనే బయటకు నడిచారు.

కాశెప్ప కొంతసేపు చూసి, రేపు రమ్మంటారా అని మెల్లగా అడిగాడు. భవనాథుడు తల ఊపాడు. అంచున చెక్కవలసిన శ్లోకం ఏదో ఉందన్నారే అని కాశెప్ప గుర్తుచేశాడు. లేదు అన్నాడు భవనాథుడు. ఆ ఒక్క మాట అనేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఒంటరిగా మిగిలాక వంగి ఆ అడుగుల వెడల్పు కొలిచాడు. అంత దారి వదిలితే తిన్నె స్తంభం దాకా వెనక్కు జరుగుతుంది. తన దిమ్మె పోతుంది. పద్మం వేసిన దిమ్మె కూడా పోతుంది. జలదారికీ పొయ్యికీ చేయి అందేచోట, స్తంభం పక్కన, ఒకే ఒక్క దిమ్మెకు మంచి చోటు మిగులుతుంది. ఆ చోటు నిన్న కూడా అక్కడే ఉన్నది.

దిమ్మె ఎంత ఎత్తు ఉండాలో మాత్రం నేల మీద రాసి లేదు. శాస్త్రంలో ఉన్నది గాని, శాస్త్రంలో ఉన్న మోకాళ్లు వంగే మోకాళ్లు.

ఓబులమ్మ పెరట్లో బోర్లించిన పాతరోలు మీద కూర్చుని ఉన్నది. కాలు ముందుకు చాచి, కలబంద గుజ్జు మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుకుంటున్నది. భవనాథుడు చేతిలో తాడు పట్టుకొని ఆమె ఎదుట నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఏమి నాయనా, ఆ తాడు? నన్ను గట్టేసి పోతావా ఏంది, గీతలు తొక్కకుండా?"

ఆమె నవ్వింది. అతడు నవ్వలేకపోయాడు. ఆమెకు కూర్చోవడానికి ఒక దిమ్మె వేయిస్తున్నామని, దాని ఎత్తు కొలవాలని, మడమనుంచి మోకాలిమడత దాకా కొలత కావాలని తడబడుతూ చెప్పాడు. తనకెందుకు దిమ్మె అని ఆమె వారించింది. ఇన్నేండ్లు నిలబడినదాన్ని, ఇంకో నాలుగేండ్లు నిలబడలేనా అన్నది. స్వామి కూచునే చోట వంటమనిషి కూచుంటే ఊరు నవ్వుతుందన్నది.

"అవ్వా, పొద్దున స్వామితో నిజం చెప్పవలసింది నేను" అన్నాడు.

ఓబులమ్మ విసరడం ఆపింది. అతని ముఖంలోకి చూసి, చూపు తిప్పుకున్నది.

"పొద్దుటి మాట పొద్దున్నే అయిపాయ. అన్నం పారపోయలేదు గదా." కాలు కాస్త ముందుకు జరిపి, "కొలుచుకో, బిరీన. ఎండ వస్తాండాది" అన్నది.

తాడు కొసను ఆమె మడమ దగ్గర ఆనించాలి. నిలబడి ఆనించడానికి కుదరదు. భవనాథుడు మోకరిల్లాడు. అప్పటికీ అందలేదు. ఇంకా వంగాడు. కాలిన పాదం అతని కళ్లకు అతి చేరువగా వచ్చింది. చర్మం ఉబ్బి మెరుస్తున్నది. బొటనవేలి సందులో, నీళ్లు పోసినా పోకుండా, ఇంత ముగ్గుపిండి తెల్లగా అంటుకొని ఉన్నది. తొక్కబోయి వెనక్కు తీసుకున్నప్పుడు అంటినది.

అతడు తాడు ఆనించాడు. తల ఎత్తలేదు.

పెరటి గుమ్మంలో కాషాయపు అంచు కదిలింది.

"ఎంత వచ్చింది నాయనా?" అన్నారు యతీశ్వరులు.

భవనాథుని నుదురు ఇంచుమించు నేలను తాకుతున్నది.

"ఇంకా కొలుస్తున్నాను, స్వామీ" అన్నాడు.