దేవుడు కమ్మగా పలికాడట!

తెలివి పంచిపెట్టిన రోజున తాను చేట పట్టుకుని వెళ్ళానని దీవెనమ్మ నమ్మకం. మొగుడు ఏలియా అయితే రెండు చేటలు పట్టుకెళ్ళాడట!

ఆర్నెల్లుగా వదినగారి పంచలో తలదాచుకుని, కాఫీతో పాటు ఆవిడ దెప్పిపొడుపులూ తాగుతోంది దీవెనమ్మ. ఎలాగో సొంత ఇల్లు పూర్తయింది. ఆదివారం చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే చాలు, దిగిపోవచ్చు. "ఈలోపు సృష్టి కథ చదవండి. దేవుడి మాట ప్రకారం ఇల్లు సిద్ధం చేసుకోండి" అన్నారాయన.

అంతే! ఏలియా వేలు పెట్టి చదివాడు. "దేవుడు వెలుగు కమ్మని పలుకగా... చూశావా, కమ్మగా పలికాడట! అందుకే వెలుగొచ్చింది."

కొత్తింటికి ఇంకా కరెంటు రాలేదు. దీవెనమ్మ స్టూలెక్కి బల్బు గడ్డం పట్టుకుంది. "నా తల్లే, నా బంగారమే, ఒక్కసారి వెలగవే!"

వెలగలేదు.

"కమ్మదనం చాల్లేదే. నెయ్యి రాయి."

రాసింది. వెలుగు రాలేదు గానీ చీమలొచ్చాయి.

"అప్పుడే జీవరాసులు పుట్టేశాయి!" అని మురిసిపోయాడు ఏలియా. తర్వాతి ఆజ్ఞ చదివాడు. "విస్తరించి, భూమిని నిండించి, దానిని లోపరచుకొనుడి."

"విస్తరెయ్యాలి, భూమి నింపాలి, లోపల పరచాలి" అని వేళ్ళు మడిచింది దీవెనమ్మ. "ఇంత విడమరిచి చెప్పినా జనానికి అర్థం కాదేమయ్యా?"

ఇంకేముంది! వంద విస్తళ్ళు, నాలుగు బళ్ళ మట్టి. శనివారానికి మట్టి కిటికీ అంచు దాకా వచ్చింది.

ఆదివారం అయ్యగారు రిబ్బను కత్తిరించి తలుపు లాగారు. మట్టి ఒక్క దూకు దూకింది. ఆయన నడుం దాకా కూరుకుపోయారు. వెనకాల వదిన కిసుక్కున నవ్వింది. దీవెనమ్మ నెత్తి కొట్టుకుంది. ఇక జన్మంతా ఆ పంచే!

"కమ్మని అంటే రుచి కాదమ్మా!" అని అరిచారు అయ్యగారు. "'కమ్ము' అన్నాడని, అంటే 'అవ్వు' అన్నాడని! నేలను ఏలుకోమన్నాడు, సాకమన్నాడు, ఇంట్లో పోసుకోమనలేదు! ఆయన మాట ఉత్త మాట కాదు. అన్నాడంటే అయిపోతుంది! ముందు నన్ను పైకి లాగండి!"

"ఆమేన్!" అని మొగుడూ పెళ్ళాలు కళ్ళు మూసుకున్నారు.

"లాగరేమే?" అంది వదిన.

"ఉండొదినా, అన్నారుగా. అవుతుంది."

ఎంతకీ అవలేదు. దీవెనమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏవయ్యా, ఈయన కమ్మగా అనలేదేమో?"

ఏలియా నెయ్యి గిన్నె తెచ్చి అయ్యగారి నెత్తిన బోర్లించాడు.

"దేవా!" అని కేకేశారాయన.

"ఆమేన్! విన్నావా వదినా, ప్రార్థన అయిపోయింది!"

దీవెనమ్మ చాప చంకన పెట్టుకుని, అయ్యగారిని దాటుకుంటూ, కుడికాలు ముందు పెట్టి కొత్తింట్లోకి ఎక్కేసింది.