గవ్వతాడు మీద గంట

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు సిగ్గు. పిల్లలకు అన్నం కలిపి పెడుతూ కథలు మాత్రం చాలా చెప్పాను. ఇదీ అలా నోటితో చెప్పినట్టే రాస్తున్నాను.

ఐరోపాలో ఒక కొండ దేశం. ఏడాదిలో సగం మంచే. అక్కడి పచ్చికలో ఒక పెద్ద మంద. ఆ మందలో ఆవు మెడలో గంట, మేక మెడలో గంట, ఆఖరికి కోడి కాలికి కూడా చిన్న మువ్వ. అందం కోసం కాదు. పొగమంచు దిగిందంటే పక్కనున్నది పిల్లో పులో తెలియని చోటు అది. చప్పుడు వినబడితే మనవాళ్ళు, వినబడకపోతే పరాయివాళ్ళు. మనుషులకు పౌరసత్వం ఎలాగో, ఆ మందలో గంట అలాగ. గంట ఉన్నదానికి చలికాలం సావిట్లో చోటు, తినడానికి ఎండుగడ్డి. లేనిదాన్ని తొలిమంచు పడేలోపు బేరగాడి బండి ఎక్కిస్తారు. ఆ బండెక్కినది తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

ఆ మందలో కాటుక అని ఒక గేదె ఉండేది. పుట్టింది గోదావరి లంకలో. దూడగా ఉండగానే ఎవరో కొని ఓడెక్కించారు. ఎక్కించే ముందు అక్కడి ముసలమ్మ, "ఎక్కడున్నా చల్లగా ఉండవే తల్లీ" అంటూ నల్లతాడుకు గవ్వ గుచ్చి దాని మెడలో కట్టింది. ఏళ్ళు గడిచాయి. గవ్వ అరిగింది. కాటుక పెద్దదై, తానూ ఒక దూడకు తల్లయింది. గంట మాత్రం రాలేదు.

ఏటా మంద పెద్దలు విచారణ పెడతారు. విచారణలో ఉన్నదాన్ని ఆ ఏటికి బండెక్కించరు. అలాగే నెట్టుకొస్తోంది. కాటుక ఉత్త సిగ్గరి. పైగా యాస వేరు. అందుకని దాని తరఫున మాట్లాడడానికి ఒక నక్క కుదిరింది.

"నువ్వు నోరు తెరవకమ్మాయ్," అనేది నక్క. "నీ యాస వింటే పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఊరుకున్నంత ఉత్తమం లేదు. నీ మాట నేను చెబుతాగా!"

కాటుక కంచె బయటే నిలబడేది. నక్క లోపలికి వెళ్ళి, మంద పెద్ద ఎద్దు తాత చెవి దగ్గర ఏదో గుసగుసలాడి, మొహం వేలాడేసుకుని వచ్చేది. ఎద్దు తాతకు చెవులు మందం.

"వచ్చే ఏడు చూద్దామన్నారమ్మా. నువ్వు బురదలో పొర్లుతావని వాళ్ళకు ఒకటే రోత."

కాటుక బురద మానేసింది. ఒళ్ళు పగుళ్ళిచ్చింది. మరుసటి ఏడు నెమరు చప్పుడు ఎక్కువన్నారట. పళ్ళు కదిలీ కదలకుండా నమలడం నేర్చుకుంది. ఈ తిరుగుడుకంతా నక్కకు ముడుపు ఏమిటంటే, పాలేరు పితికి పోయాక దూడకని మిగిలే పాలు. రోజూ పొద్దున్నే మూకుడు పట్టుకుని దిగేది. దూడ దూరంగా నిలబడి చూసేది.

ఈ ఏడు ఎద్దు తాత చాటింపు వేయించాడు. "ఇక నాన్చుడు లేదు. గంటా, బండా? రేపు తేలిపోవాలి."

నక్క పరిగెత్తుకొచ్చింది. "ఈసారి ఆ గవ్వతాడు తెంచేసి రా. బోసి మెడకే గంట కడతారు. అదీ రూలు."

"అది మా ముసలమ్మ కట్టింది బాబూ."

"ముసలమ్మా కావాలి, గంటా కావాలంటే ఎలా? రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదు."

నక్క వెళ్ళిపోయింది.  కాటుక కంచె గుంజ దగ్గరకు వెళ్ళి తాడును దానికేసి రాయడం మొదలుపెట్టింది. ఒక పోగు తెగింది.

"ఆగొదినా! ఆగు!" అంటూ సావిడి దూలం మీంచి చుక్కల కోడి రెక్కలు కొట్టుకుంటూ కిందకి దూకింది. దాని పేరు చుక్కమ్మ. "ఎవరి కోసం తెంచుకుంటున్నావు? ఆ నక్కగాడు తాత చెవిలో ఏటా ఏం చెబుతున్నాడో తెలుసా? 'కాటుకకు ఇప్పుడే గంట వద్దట, ఇంకో ఏడు ఆలోచించుకుంటానంటోంది' అని! ఆయన మందం చెవికి గట్టిగా చెప్పక తప్పదుగా, దూలం మీంచి ఈ చెవులతో విన్నాను."

"బురద సంగతి?"

"బురదా లేదు, నెమరూ లేదు. నీకు గంట వస్తే వాడికి పాలెక్కడివి?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం చుక్కమ్మా?"

"నోరు విప్పితే నా పిల్లల్ని ఎత్తుకుపోతానన్నాడు వదినా. విప్పకపోయినా మొన్న ఒకదాన్ని ఎత్తుకుపోయాడు. ఇంకా దేనికి భయం?"

కాటుకకు కోపం రావడం చుక్కమ్మ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ పెద్దగా ఏమీ కనబడలేదు. చెవులు ఒక్కసారి విదిల్చింది, అంతే. గుంజను వదిలేసి గడ్డి దగ్గరకు నడిచింది.

"ఇప్పుడు తిండేమిటి వదినా?"

"రేపు మాట్లాడాలిగా. ఖాళీ కడుపుతో గొంతు లేవదు."

మర్నాడు విచారణకు మందంతా సావిడి ముందు చేరింది. కింద బాట మీద బేరగాడి బండి వచ్చి ఆగింది. నక్క ఎప్పటిలాగే ఎద్దు తాత చెవి దగ్గరకు చేరబోయింది. కాటుక కంచె సందులోంచి తోసుకుని లోపలికి వచ్చేసింది.

"అయ్యా, నా మాట నేను చెప్పుకుంటాను."

"ఎవరూ? వినబడడంలేదు," అన్నాడు ఎద్దు తాత.

కాటుక మెడ ఎత్తి రంకె వేసినట్టు చెప్పింది. కొండలు తిరిగి పలికాయి. "నేను కాటుకని! గంట ఇప్పుడే వద్దని నేనెన్నడూ అనలేదు. మొదటి ఏటి నుంచీ కావాలనే అడుగుతున్నాను. ఇక్కడి మంచులో తడిశాను, ఇక్కడే ఈనాను. మీ కుండల్లో వెన్న ఎవరి పాలదో మీకు తెలుసు. దయ చూపించమని రాలేదు. నా చోటు నాకు ఇవ్వమని వచ్చాను."

చాలా ఏళ్ళకు ఎద్దు తాతకు ఒక మాట మొదటి నుంచి చివరిదాకా వినబడింది. లేత ఆవులు రెండు దాని యాసకు కిసుక్కున నవ్వాయి.

"నవ్వుకోండమ్మా. మాట అర్థమైందిగా, అది చాలు," అంది కాటుక.

ఎద్దు తాత తల పంకించాడు. "బాగానే ఉంది. కానీ నీ తరఫున మందలో ఒకరు సాక్ష్యం చెప్పాలే!"

కాటుక నక్క వైపు తిరిగింది. "నక్కగారున్నారుగా. ఆయనకంటే ఇక్కడివారు ఎవరున్నారు?"

సాక్ష్యం తన నోట్లో ఉంటే ముంచడం ఎంతసేపని నక్క మురిసిపోయింది. తోక పైకెత్తి అందరి మధ్యకూ వచ్చింది. "ఏడు తరాలండీ మాది! ఈ కొండకు పేరు పెట్టింది మా ముత్తాత. ఈ మందలో మొదటి పౌరుణ్ణి నేనే అనుకోండి. ఇక ఈ గేదె సంగతంటారా..."

"ఒక్క మాట," అంది కాటుక. "చప్పుడు లేనిది పరాయిదని కదా మీ రూలు? మరి మొదటి పౌరుడి గంట ఏదీ?"

మందంతా నక్క మెడ వైపు చూసింది. బొచ్చు తప్ప ఏమీ లేదు.

"అదీ... మా వంశానికి కాస్త బిడియం," అని నసిగింది నక్క.

"నాకంటే బిడియమా?"

ఎద్దు తాత కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయనకు రూలంటే ప్రాణం. "ఏడు తరాలవాడికి గంట కట్టలేదా! ఎంత తప్పు జరిగిపోయింది! ఒరే మేకపోతూ, మువ్వ పట్రా!"

"వద్దండీ తాతగారూ, నా మెడ సన్నం, నా పనికి చప్పుడు పనికిరాదు..."

"ఏం పనండీ అది?" అని పైనుంచి అడిగింది చుక్కమ్మ.

నక్క తోక దించి వెనక్కి జరిగింది. కాటుక దగ్గరగా వచ్చి నెమ్మదిగా అంది. "వద్దంటే పరాయివారే బాబూ. గంటా, బండా? మీరే తేల్చుకోండి."

నక్క కింద బాట వైపు చూసింది. తల వంచింది. మేకపోతు కొమ్ముతో తోలుపట్టీ దూర్చి బిర్రుగా బిగించింది. నక్క ఒక అడుగు వేసింది. ఘల్లుమంది. ఇంకో అడుగు వేసింది. మళ్ళీ ఘల్లు.

"ఇక సాక్ష్యం నేను చెబుతాను," అని చుక్కమ్మ దిగి కాలు ఆడించింది. "నా కాలికీ మువ్వ ఉంది." పాల సంగతి, గుసగుసల సంగతి, పిల్ల సంగతి ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

ఎద్దు తాత పెద్ద గంట తెమ్మన్నాడు. నక్క ఆఖరి ప్రయత్నంగా అరిచింది. "ఆ గవ్వతాడు చూశారా? అది ఇంకా అక్కడిదే! బోసి మెడకే గంట కట్టాలన్నది రూలు! రెండు పడవల మీద కాళ్ళు!"

"నాకున్నవి నాలుగు కాళ్ళండీ," అంది కాటుక. "తాడు తియ్యను. గంట ఇవ్వనంటే ఇవ్వకండి, బండెక్కించేదాకా ఇంతే గట్టిగా అడుగుతాను. కట్టిన చెయ్యిని మరిచిపోయేది రేపు మిమ్మల్ని మాత్రం గుర్తుపెట్టుకుంటుందా? మెడ నాది. రెండు మోసేంత లావుగానే ఉంది."

ఎద్దు తాత నక్క వైపు కొమ్ములు తిప్పాడు. "బోసి మెడ రూలా? నేనెప్పుడు పెట్టానూ అలాంటి రూలు? కట్టండి!"

గవ్వ కింద గంట వేలాడింది.

ఆ సాయంత్రం అలవాటు చొప్పున నక్క కోళ్ళగూడు దగ్గరకు పాకింది. ఘల్లుఘల్లుమంటూ తానే తన రాక చాటుకుంది. కంతలోంచి దూరబోతే తోలుపట్టీ తట్టుకుంది. "తా దూర కంత లేదు, మెడకో డోలు!" అని లోపలినుంచి కోళ్ళన్నీ గొల్లున నవ్వాయి.

మర్నాడు పొద్దున పొగమంచు దిగింది. మూకుడుతో వస్తున్న మువ్వ చప్పుడు దూరం నుంచే వినబడింది. కాటుక దూడను పొదుగు కిందకు నెట్టుకుని చివరి చుక్కదాకా తాగనిచ్చింది. తర్వాత తీరిగ్గా వాగు గట్టుకు నడిచి, గవ్వతోనూ గంటతోనూ బురదలోకి దిగి, అందరూ వినేలా నెమరు వేస్తూ పొర్లింది.

"నువ్వు మావాడివేనా?" అని నిలదీసేవాణ్ణి, ముందు వాడి గంట ఏదో అడగాలి.