స్టీరింగ్ ఎంత తిరగాలి

గురువుగారు షబ్నంకి చాటుగా ఏదో సాయం చేస్తున్నారని యుగంధర్‌కి అనుమానం పట్టుకుంది.

ఆ గురువు సత్యానందంగారు. ఒకప్పుడు కార్ ర్యాలీల్లో పోటీ చేసిన మనిషి. నడుం దెబ్బతిన్నాక విశాఖలో ఓ మేడ మీద హాలు తీసుకుని, సిమ్యులేటర్ల మీద కార్ రేసింగ్ నేర్పుతున్నారు. సీటు, స్టీరింగ్, పెడళ్లు నిజమైనవే. రోడ్డు మాత్రం ఎదురుగా తెర మీద ఉంటుంది. ఆ ఏడాది శిష్యుల్లో చివరిదాకా నిలబడింది యుగంధర్, షబ్నం ఇద్దరే. ఇద్దరికీ పోటీ పెట్టి, గెలిచినవాళ్లని కోయంబత్తూరు పంపి, నిజం ట్రాక్ మీద నిజం కారు ఇప్పిస్తానన్నారాయన.

అప్పటినుంచీ యుగంధర్‌కి అన్నీ తేడాగానే కనిపించాయి. ఆమె కూర్చునే ముందు సార్ ఆమె మెషిన్ దగ్గర ఎందుకు వంగుతారు? తను లోపలికి రాగానే ఇద్దరూ మాటలు ఎందుకు ఆపేస్తారు? అన్నిటికంటే ఆమె చేతులు. తను మలుపులో చేతులు మార్చి మార్చి స్టీరింగ్ తిప్పుతుంటే, ఆమె కాస్త వంచితే చాలు, కారు తిరిగిపోయేది.

ఒకరోజు షబ్నం టీకి కిందికి దిగగానే ఆమె కంప్యూటర్లోకి తొంగి చూశాడు. స్టీరింగ్ తిరిగే కొలత మూడు వందల అరవై డిగ్రీలని ఉంది. తన దాంట్లో తొమ్మిది వందలు.

"ఇదన్నమాట సంగతి," అనుకుని తనదీ మూడు వందల అరవైకి మార్చి కూర్చున్నాడు.

మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. హెడ్‌ఫోన్స్ విసిరేసి లేచాడు.

"సార్, ఆమెకో లెక్క, నాకో లెక్కా? ఇప్పుడు నా మెషిన్ని కూడా ఏదో చేసిపెట్టారు!"

షబ్నం టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

సత్యానందంగారు కోప్పడలేదు. తెల్ల టేపు ముక్క ఒకటి చింపి అతని స్టీరింగ్ నడినెత్తిన అంటించారు. పావు వంతు తిప్పారు. టేపు పక్కకి వచ్చింది. తెర మీది బొమ్మ డ్రైవర్ చేతులు మాత్రం సగం దాటి కిందికి పోయాయి.

"నీ చేతులు ఎక్కడున్నాయి? వాడివి ఎక్కడున్నాయి?"

యుగంధర్ టేపు వంకా తెర వంకా చూశాడు.

"ఈ వారం నీకిచ్చింది ఊళ్లో తిరిగే కారు. దాని స్టీరింగ్ రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఆ అమ్మాయిది రేసుల కోసమే చేసిన ఫార్ములా కారు. దానికి ఒక్క చుట్టే. ఏ కారెక్కితే ఆ కారు కొలత పెట్టుకోవాలి నాన్నా."

విషయం అర్థమైంది గాని అనుమానం పోలేదు. "మరి ఫార్ములా కారు ముందు ఆమెకే ఎందుకిచ్చారు?"

ఆయన జేబులోంచి హాలు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"రేపు పోటీకి రెండు మెషిన్లూ నువ్వే సెట్ చెయ్యి. నేను ముట్టుకోను."

షబ్నం ఏదో అనబోయి, టీ తాగేసింది.

మర్నాడు ఇద్దరికీ ఒకటే ర్యాలీ కారు. దాని కొలత ఐదు వందల నలభై. యుగంధర్ ముందు షబ్నం మెషిన్ దగ్గర కూర్చున్నాడు. సార్ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు. 'అద్దంలోంచి నన్నే కనిపెడుతున్నారు' అనుకున్నాడు. అద్దంలో సముద్రం తప్ప ఏమీ కనిపించలేదు.

ఆరు వందలని కొట్టాడు.

ఎవరికీ తెలియదు. ప్రతి మలుపులోనూ ఆమె స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పాలి, చెయ్యి ఆలస్యమవుతుంది, అంతే.

షబ్నం వచ్చి సీట్లో కూర్చుని గ్లౌజులు తొడుక్కుంటోంది.

"ఒకసారి తిప్పి చూసుకో," అన్నాడు.

"నువ్వు చూశావుగా," అంది ఆమె, తల ఎత్తకుండానే.

నిన్న తను అరిచినవన్నీ గుమ్మంలో నిలబడి విన్న మనిషి. యుగంధర్ చెవులు వేడెక్కాయి.

"ఆగు," అన్నాడు. ఆమె పక్కన వంగి ఐదు వందల నలభై కొట్టాడు. స్టీరింగ్ పావు వంతు తిప్పాడు. తెర మీది చేతులూ పావు వంతే తిరిగాయి. రెండో వైపు కూడా తిప్పి చూశాడు.

సత్యానందంగారు ఇటు తిరిగారు. "మరి నీది?"

యుగంధర్ తన మెషిన్ వైపు నడవబోయి ఆగాడు.

"షబ్నం, నాది నువ్వు పెట్టవా?"

ఆమె అతని వంక వింతగా చూసి, గ్లౌజులు విప్పి లేచింది. కీబోర్డు టకటకలు వినిపించాయి. అవి ఆగేదాకా యుగంధర్ వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటూనే ఉన్నాడు.

తర్వాత వచ్చి కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. స్టీరింగ్ కదిపి చూడలేదు.

"మొదలుపెట్టండి సార్," అన్నాడు.