దుప్పి ఎంచిన కథలు

కొండగోగుల అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, నక్కలు, ముళ్ళపందులు ఇరుగుపొరుగుగా బతికేవి. వాటికి కథలంటే ప్రాణం. తాటాకుల మీద కథలు రాసి, తీగతో కట్టి, ఒక పెద్ద తొర్రలో దాచుకునేవి.

వానాకాలంలో ఉరుకులవాగు పొంగేది. అప్పుడు పిల్లలందరినీ కొండగుహలో చేర్చేవారు. వాగు తగ్గేదాకా ఏ పిల్లా బయట కాలు పెట్టకూడదు. పెడితే వాగు మింగేస్తుంది. మరి అల్లరి మూక గుహలో కుదురుగా కూర్చోవాలంటే ఏం చేయాలి? కథలే దిక్కు. అందుకే వానలకు ముందు తొర్రలోంచి కథలు ఎంచి గుహకు మోసుకెళ్ళడం ఆ అడవి ఆచారం.

ఆ ఏడు ఎంచే పని రాయుడు అనే దుప్పి నెత్తికెత్తుకున్నాడు. రాయుడి కొమ్ములు చాలా పెద్దవి. గర్వం అంతకంటే పెద్దది.

తోడుగా నూకాలు అనే ముళ్ళపంది వెళ్ళింది. నూకాలుకు కోపం వస్తే ఒంటిమీది ముళ్ళు గలగలమంటాయి. ఆ రోజు తొర్ర దగ్గర అవి ఊరుకున్నదే లేదు.

నూకాలు "మొసలి పెళ్ళి" అనే కథ తీసి పక్కన పెట్టింది. రాయుడు దాన్ని నోటితో లాగి మళ్ళీ తొర్రలోకి విసిరేశాడు.

"మొసలికి పెళ్ళేమిటి? పెళ్ళినాడు పళ్ళు ఊడిపోవడమేమిటి? ఇలాంటివి చదివితే పిల్లలకు ఏమొస్తుంది?"

"నవ్వొస్తుంది రాయుడన్నా."

"నవ్వు ఎవరిక్కావాలి? బుద్ధి రావాలి!"

అంటూ రాయుడు "సుశీలుడైన జింక జీవితం" అనే కట్ట బయటికి లాగాడు. అది కొండవీటి చాంతాడంత ఉంది. అందులో జింక పొద్దున్నే లేస్తుంది, పెద్దలకు దండం పెడుతుంది, గడ్డి మేస్తుంది, పడుకుంటుంది. మళ్ళీ లేస్తుంది.

"మా నాన్న నన్ను నిలబెట్టి చదివించాడు. అందుకే ఇంతటివాణ్ణయ్యాను" అన్నాడు రాయుడు.

"అప్పుడు నీకు నచ్చిందా?"

రాయుడు కట్టకు తీగ బిగించాడు. "నచ్చడంతో పనేముంది? మంచిది కదా!"

తా వలచింది రంభ అంటారు. ఈ మహానుభావుడికి వలచింది కూడా కాదు, తాను భరించింది రంభ!

నూకాలు ఊరుకోలేదు. తన కూతురు సూదినీ, రాయుడి కూతురు చుక్కనూ పిలిచి కూర్చోబెట్టింది. మొసలి పెళ్ళి మొదటి ఆకు చదివి ఆపేసింది.

"ఊఁ" అంది సూది.

"ఊఁ, తర్వాత? తర్వాతేమైంది అత్తా?" అంటూ చుక్క మీదమీదకొచ్చింది.

ఆ తర్వాత నూకాలు సుశీలుడైన జింకను చదివింది. సూది చీమల్ని చూడటం మొదలుపెట్టింది. చుక్క తన తోకను తనే చూసుకుంది.

"కనబడుతోందా అన్నా? ఊ కొట్టిన కథ తీసుకో, కొట్టనిది వదిలెయ్. కుందేలు కూనలకు నచ్చేది వేరు, ఎదిగిన ఎలుగు పిల్లలకు నచ్చేది వేరు. అందరినీ పిలిచి వినిపిద్దాం."

"పిల్లల్ని అడగడమా! నేను ఎంచిందానికే ఊ కొడతారు. కొట్టకపోతే కొమ్ముతో ఒక్కటిస్తాను."

"కొడితే వచ్చేది ఊ కాదన్నా, ఏడుపు!"

గొడవ అడవి పెద్దల దాకా వెళ్ళింది. వాళ్ళందరూ రాయుడి మాటకే తలలూపారు. అంత కొమ్ములున్నవాడు చెబితే తప్పెలా అవుతుందని వాళ్ళ నమ్మకం. నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికి మండదు? వినేది పిల్లలు. వాళ్ళను ఒక్క మాట అడగకుండా కథలు ఎంచడం ఎక్కడి న్యాయం?

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. పిల్లలు గుహలో చేరారు. రాయుడు వాళ్ళను వరసగా కూర్చోబెట్టి చదవసాగాడు. జింక లేచింది. జింక దండం పెట్టింది. పిల్లలు భయానికి ఊ కొట్టారు. కుందేలు కూనలు ఆవలించాయి. ఎలుగు పిల్లలు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. జింక మళ్ళీ లేచేసరికి రాయుడికే నిద్ర ముంచుకొచ్చింది. గురక పెట్టాడు.

తాను మెలకువగా ఉండి చదవలేని కథ అది!

పిల్లలు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. అందరికంటే ముందు పరిగెత్తింది చుక్క. వాగు ఒడ్డున బురదలో దాని కాలు జారింది.

"అమ్మా! చుక్క వాగులో పడింది!" అని సూది కేక పెట్టింది.

గుహ వెనక దుంపలు తవ్వుతున్న నూకాలు పరుగున వచ్చింది. "రాయుడన్నా, లే! నీ బిడ్డ పోతోంది!" అని గుహ అదిరేలా అరిచింది.

రాయుడు లేచి వాగులోకి దూకాడు. చుక్కను కొమ్ములతో ఎత్తి ఒడ్డుకు తోశాడు. తాను బయటపడబోతుంటే ఒక కొమ్ము బండల సందులో ఇరుక్కుంది. పెనుగులాడేసరికి ఫట్టున విరిగిపోయింది. తల ప్రాణం తోకకొచ్చి ఎలాగో ఒడ్డెక్కాడు.

చుక్క వణుకుతోంది. రాయుడు దాని మీద విరుచుకుపడ్డాడు. "బుద్ధుందా? నీళ్ళు చూడ్డానికి పోతావా?"

నూకాలు ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని అడ్డం నిలబడింది.

"దాన్ని అంటావేం? అది నీళ్ళు చూడ్డానికి పోలేదు, నీ కథ నుంచి పారిపోయింది! చెప్పానా లేదా? పసిదాని నోట్లోంచి తర్వాతేమైంది అనే మాట వచ్చింది. ఆ మాటను నువ్వు తొర్రలోకి విసిరేశావు. బుద్ధి రావాలన్నావు. బుద్ధి రావడానికి ముందు బిడ్డ బతకాలి కదా!"

రాయుడు తల దించుకున్నాడు. ఆ రోజు అతనికి తలలూపి, ఇప్పుడు కేకలు విని వచ్చిన పెద్దలను కూడా నూకాలు వదల్లేదు. "కొమ్ములు చూసి కథలు ఒప్పుకున్నారు. సిగ్గుండాలి!" అంది.

నూకాలు ఆ వానలోనే తొర్రకు పోయింది. కథల కట్టలను మోదుగాకుల్లో చుట్టి వీపున మోసుకొచ్చింది. పిల్లల ముందు కుమ్మరించి, "మీకు కావలసినవి మీరే తీసుకోండి" అంది.

ఎలుగు పిల్లలూ నక్క పిల్లలూ దారి తప్పిన తోడేలు కథను లాక్కుని ఓ మూలకు చేరారు. చిన్నవాళ్ళు నూకాలు చుట్టూ మూగారు. మొసలి పళ్ళు ఒక్కొక్కటే రాలుతుంటే గుహంతా గొల్లున నవ్వింది.

రాయుడు గుహ వాకిట్లో తడుస్తూ నిలబడ్డాడు. బిడ్డ అంతలా నవ్వడం అతను ఎప్పుడూ చూడలేదు. గొంతు సవరించుకుని, మెల్లగా పిలిచాడు.

"చుక్కా, ఒకసారి నా దగ్గరికి రామ్మా."

చుక్క తలైనా తిప్పలేదు.

"ఉండు నాన్నా, పెళ్ళికూతురు ఇప్పుడే వస్తోంది."

వాగు తగ్గేదాకా ఒక్క పిల్లా గుహ దాటలేదు. ఆ తర్వాత కథలు ఎంచే పని రాయుడికి ఎవరూ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

నీతి: పిల్లల కథలను పెద్దల గొప్ప కోసం కాదు, పిల్లల ఇష్టం చూసి ఎంచాలి. బలవంతంగా చదివించిన కథ పిల్లల్ని కథలకే దూరం చేస్తుంది.